ఐదడుగుల మనిషికి మొదటి బండి: గట్టు రోడ్డు మీద ఏది ఆపగలరు

షోరూములో నేల టైల్సుతో చదునుగా ఉంటుంది. బండెక్కి కూర్చుంటారు, రెండు కాళ్ళ మునివేళ్ళూ ఆనుతాయి, "చక్కగా సరిపోయిందండీ" అంటాడు సేల్స్ కుర్రాడు. వారం తిరక్కుండా అదే బండి మీద మన గోదావరి డెల్టాలో పంట కాలవ గట్టున వెళ్తుంటే ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తుంది. దారివ్వడానికి ఎడమపక్కకు జరిగి ఆగుతారు. చక్రాలు తారు అంచున ఉంటాయి, కాలు దింపిన పక్క మట్టి మార్జిన్ మాత్రం తారు కన్నా మూడు నాలుగు అంగుళాలు కిందుంటుంది. షోరూములో ఆనిన వేళ్ళు ఇక్కడ గాల్లో ఉంటాయి. బండి ఎడమకు ఒరుగుతుంది, అవతల కాలవ.

ఎత్తు తక్కువున్నవాళ్ళ చేతిలోంచి బండి జారేది ఇలాంటి చోట్లే. బండి నడుస్తుండగా పొడుగూ పొట్టీ ఏమీ ఉండదు, ఆగేటప్పుడే ఉంటుంది. కాబట్టి సీటు ఎత్తు ఒక్కటే అడిగి బండి కొనకండి. మీరు ఆగబోయే నేల మీద, ఆ బరువును ఒక కాలితో ఆపగలరా అని చూసుకుని కొనండి. ఐదడుగుల నుంచి ఐదడుగుల మూడంగుళాల దాకా ఉండి కొత్తగా గేర్ల బండి నేర్చుకుంటున్న ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా కింద చెప్పేది వర్తిస్తుంది.

ముందు కాలు కొలవండి

మనిషి ఎత్తుతో పని జరగదు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్ళు పొడుగు, ఇంకొకరికి నడుం పొడుగు. ప్యాంటు కొలతతోనూ జరగదు, అది చీలమండ దగ్గరే ఆగిపోతుంది.

చెప్పులు విప్పి గోడకు వీపు ఆనించి నిలబడండి. పాదాల మధ్య జానెడు ఎడం ఉంచండి. గట్టి అట్ట ఉన్న పుస్తకం ఒకటి కాళ్ళ సందున పెట్టి, దాని ఒక అంచు గోడకు ఆనేలా పట్టుకుని, సీటు మీద కూర్చుంటే ఎంత ఒత్తిడి ఉంటుందో అంత గట్టిగా పైకి లాగండి. పుస్తకం పై అంచు గోడకు తగిలిన చోట ఇంకొకరి చేత పెన్సిల్ గీత పెట్టించండి. నేల నుంచి గీత దాకా సెంటీమీటర్లలో కొలవండి. మూడుసార్లు కొలిచి మధ్య అంకె తీసుకోండి. ఐదడుగుల ఒక అంగుళం ఉన్న మనిషికి ఇది 72 సెంటీమీటర్లకు అటూ ఇటూగా వస్తుంది.

ఇప్పుడు బండి మీద కూర్చున్నప్పుడు మడమ ఎంత లేస్తుందో లెక్క కట్టండి. బండి కాగితం మీద రాసిన సీటు ఎత్తులోంచి, మీరు కూర్చోగానే షాకబ్జార్బర్లు కుంగేది తీసేయండి. మామూలు బళ్ళకు అది 2 సెంటీమీటర్లు, మెత్తటి షాకులకు 3. దానికి సీటు వెడల్పు వల్ల కాళ్ళు ఎడంగా పెట్టడంతో పోయే ఎత్తు కలపండి. సన్నటి సీటుకు 3, లావు సీటుకు 5. వచ్చిన దాంట్లోంచి మీ కాలి కొలతనూ, బూటు అడుగు మందం రెండున్నర సెంటీమీటర్లనూ తీసేయండి. మిగిలిందే మడమ లేచేది. ఇది ఉజ్జాయింపు లెక్క. కానీ షోరూముకు వెళ్ళకముందే సగం బళ్ళను ఏరి పక్కన పెట్టేస్తుంది.

స్ప్లెండర్ ప్లస్ తీసుకోండి. సీటు 78.5 సెంటీమీటర్లు. 2 తీసి 3 కలిపితే 79.5. కాలు, బూటు కలిపి 74.5. మడమ 5 సెంటీమీటర్లు లేస్తుంది.

మడమ 2 సెంటీమీటర్ల లోపు లేస్తే పాదం దాదాపు మొత్తం ఆనినట్టే. 2 నుంచి 5 దాకా అయితే బొటనవేలి వెనక ఉండే మెత్త గట్టిగా నేలకు ఆనుతుంది, కొత్తవాళ్ళకు ఇది చాలు. 5 నుంచి 7 అంటే 120 కిలోల లోపు బండికైతే నెలరోజుల్లో అలవాటవుతుంది. 7 దాటితే మునివేళ్ళే మిగులుతాయి. అలాంటి బండి రెండో బండిగా కొనుక్కోవచ్చు.

అదే మడమ, వేరే బరువు

ఇదే లెక్క రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350కి వేయండి. సీటు 76.5, స్ప్లెండర్ కన్నా 2 సెంటీమీటర్లు తక్కువ. కానీ సీటు లావు. 2 తీసి 5 కలిపితే 79.5. మడమ లేచేది అదే 5 సెంటీమీటర్లు. రెండు బళ్ళ మీదా ఒకేలా కూర్చుంటారు.

ఇప్పుడు బరువు చూడండి. స్ప్లెండర్ 112 కిలోలు, మీటియర్ 191. తేడా 79 కిలోలు, అంటే మన వైపు ఒక ధాన్యం బస్తా, పైన ఇంకో నాలుగు కిలోలు. బండి నిటారుగా ఉన్నంతసేపు ఆ బస్తాను చక్రాలే మోస్తాయి. ఒరగడం మొదలైన క్షణం నుంచి అందులో కొంత భాగం మీ కాలి మీదకు వస్తుంది, ఒరిగే కొద్దీ ఆ భాగం పెరుగుతుంది. తేలిక బండి బాగా ఒరిగాక కూడా తొడ బలంతో నెట్టి నిలబెట్టొచ్చు. బరువు బండికి ఆ వ్యవధి ఉండదు.

"సీటు కిందకుంది కదా" అని బుల్లెట్ రకం బళ్ళ మీద మోజుపడేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. క్లాసిక్ 350, బుల్లెట్ 350లకు సీటు కూడా కిందకు ఉండదు: 80.5, బరువు 195 కిలోలు. మన 72 సెంటీమీటర్ల కాలికి మడమ 9 సెంటీమీటర్లు లేస్తుంది. నడిపేవాళ్ళు లేరని కాదు, ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది అంతకుముందు చిన్న బండి మీద చేయి తిరిగినవాళ్ళే.

ఏ బళ్ళు చూడాలి

హోండా షైన్ 100. సీటు 786 మిల్లీమీటర్లు, బరువు 99 కిలోలు. ఇంత తేలిక బండి ఈ వరసలో ఇంకోటి లేదు. పుంత రోడ్డులో, అంటే చేల మధ్య మట్టి దారిలో, ఇరుక్కుంటే దిగి పక్కకు లాక్కోవచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు మా మొదటి ఓటు దీనికే.

స్ప్లెండర్ ప్లస్ సంగతి పైన చెప్పాం. దానికున్న అసలు లాభం, లంక ఊళ్ళో చెట్టు కింద మెకానిక్ దగ్గర కూడా దాని క్లచ్ కేబులు దొరుకుతుంది.

టీవీఎస్ రేడియన్, రైడర్ 125. రెంటి సీటూ 780. రైడర్ 123 కిలోలు, నేల నుంచి బండి అడుగు దాకా ఎత్తు 180 మిల్లీమీటర్లు. ఊళ్ళల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు కట్టిన స్పీడ్ బ్రేకర్ల మీద ఆ 180 అక్కరకొస్తుంది. హోండా షైన్ 125 సీటు 791, ఎస్పీ 125 సీటు 790. ఇవీ పరవాలేదు.

బజాజ్ ప్లాటినా 100, హీరో హెచ్‌ఎఫ్ డీలక్స్ తేలికే గానీ సీట్లు 807, 805. ప్లాటినా షాకులు మెత్తన, కూర్చోగానే కుంగుతుంది. అయినా కాలు 74 సెంటీమీటర్లు దాటినవాళ్ళే వీటిని చూడండి.

బజాజ్ అవెంజర్ స్ట్రీట్ 160 సీటు 737. మన లెక్కలో మడమ 2 సెంటీమీటర్లే లేస్తుంది, పాదం మొత్తం ఆనుతుంది. బరువు 156 కిలోలు. కాలు కొలత 70, 71 వచ్చినవాళ్ళకు ఇది మంచి దారి. అయితే రెండు సంగతులు చూసుకోండి. ఫుట్‌రెస్టులు ముందుకుంటాయి, పొట్టి కాళ్ళవాళ్ళు గేరు వేయడానికి సాగాల్సి రావచ్చు. చక్రాల మధ్య దూరం ఎక్కువ కాబట్టి ఇరుకు సందులో తిప్పేటప్పుడు రెండుసార్లు వెనక్కీ ముందుకీ జరపాలి.

యమహా ఎఫ్‌జెడ్‌ఎస్ సీటు 790, బరువు 135. ముందు చక్రానికి ఏబీఎస్ (బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంటుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్ళకు ఏబీఎస్, ఆ లోపు బళ్ళకు రెండు బ్రేకులూ కలిసి పడే సీబీఎస్ తప్పనిసరి చేశారు. చేపల లారీల్లోంచి నీళ్ళు కారి జారుడుగా ఉండే రోడ్ల మీద రోజూ పాతిక కిలోమీటర్లు వెళ్ళేవాళ్ళు ఏబీఎస్ ఉన్న బండి గురించి ఆలోచించడం దండగేమీ కాదు. ట్యాంకు లావు కాబట్టి లెక్కలో 4 కలుపుకోండి.

హిమాలయన్ 450 లాంటి 825 మిల్లీమీటర్ల సీట్లున్నవి వదిలేయండి. ఏ బండైనా సెల్ఫ్ స్టార్టరు ఉన్న రకమే తీసుకోండి. బండి మీద కూర్చుని కిక్కు కొట్టాలంటే ఎడమకాలు గట్టిగా ఆని ఉండాలి, పొట్టివాళ్ళకు కుదరనిదే అది. సెల్ఫ్ పని చెయ్యని రోజున, కిక్కు ఉన్న బండైతే, మెయిన్ స్టాండు వేసి కొట్టండి.

షోరూములో అరగంట

రోజూ ఏ బూట్లతో బండెక్కుతారో వాటితోనే వెళ్ళండి. చీర కట్టేవాళ్ళు చీరలోనే కూర్చుని చూడండి, కుచ్చిళ్ళ వల్ల కాలు ఎంత ఎడంగా వస్తుందో అప్పుడే తెలుస్తుంది.

ముందు బండి ఎక్కకండి. ఎడమపక్కన నిలబడి, సైడ్ స్టాండు తీసి, రెండు చేతులతో హ్యాండిలు పట్టుకుని పది అడుగులు ముందుకూ పది అడుగులు వెనక్కూ నడిపించండి. బండి తుంటికి ఆనించుకుని నడపాలి. ఇక్కడే ఆయాసం వస్తే ఆ బండి మీది కాదు.

తర్వాత ఎక్కండి. సైడ్ స్టాండు మీద ఉండగానే, ముందు బ్రేకు పట్టుకుని, కుడికాలు సీటు మీదుగా తిప్పండి. నిటారుగా లేపండి. రెండు కాళ్ళూ ఎలా ఆనాయో చూడండి. ఇప్పుడు అసలు పరీక్ష: నడుం ఎడమకు ఒక అంగుళంన్నర జరిపి, కుడికాలు వెనక బ్రేకు మీద పెట్టి, ఎడమకాలొక్కటే దింపండి. ఎడమ పాదం మడమతో సహా ఆనాలి. రోడ్డు మీద మీరు ఆగే పద్ధతి ఇదే. రెండు కాళ్ళూ వేళ్ళ మీద ఆనడం కన్నా ఒక కాలు నిండుగా ఆనడం మేలు.

అలాగే కూర్చుని హ్యాండిలు పూర్తిగా ఎడమకు, తర్వాత కుడికి తిప్పండి. కుడికి తిప్పినప్పుడు ఎడమ చెయ్యి క్లచ్‌ను ఇంకా నొక్కగలగాలి. చేతులు పొట్టిగా ఉంటే ఇక్కడ అందదు, ఆ బండి మీద యూ టర్ను కొడుతుంటే ఇంజను ఆగి పడిపోతారు.

బండిని బయటకు తెప్పించండి. షోరూము ముందు రోడ్డు దిగే వాలు ఉంటుంది కదా, అక్కడ నిలబెట్టి మళ్ళీ ఇదంతా చేయండి. ముందు చక్రం పల్లానికి పెట్టి, కూర్చునే వెనక్కి నెట్టి చూడండి. మునివేళ్ళతో బండి వెనక్కి కదలదు, దిగి లాగాల్సిందే. సంతలోనో గుడి దగ్గరో బండి పెట్టేటప్పుడు ఎటు తిప్పి పెట్టాలో ఈ ఒక్క పరీక్ష నేర్పుతుంది: మూతి ఎప్పుడూ బయటికి వెళ్ళే వైపు, ఎత్తు వైపు.

మెయిన్ స్టాండు కూడా వేసి చూడండి. కొత్తవాళ్ళు బండిని చేతులతో ఎత్తబోతారు. ఎత్తక్కర్లేదు. స్టాండు రెండు కాళ్ళూ నేలకు సమానంగా తగిలాయని పాదానికి తెలిసేదాకా బండిని నిటారుగా తెచ్చి, ఎడమ చేత్తో హ్యాండిలూ కుడి చేత్తో సీటు పక్క పట్టీ పట్టుకుని, స్టాండు మీట మీద కుడికాలితో ఒంటి బరువంతా వేసి నిలబడండి. బండి దానంతటదే వెనక్కెక్కుతుంది.

కాలు దింపే నేల

మన రోడ్లు నడిమధ్య ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటాయి, వాన నీళ్ళు పోవడానికి. మనం ఎడమపక్కన వెళ్తాం. అంటే మీరు దింపే ఎడమకాలి కింద నేల ఎప్పుడూ కుడికాలి వైపు కన్నా పల్లంగానే ఉంటుంది. గట్టు రోడ్ల మీద దీనికి తారు అంచు కోత తోడవుతుంది.

ఆగాల్సి వస్తే రెండే పద్ధతులు. తారు అంచుకు మూరెడు ఇవతలే ఆగి, కాలు కూడా తారు మీదే దింపండి. అంత చోటు లేకపోతే, నెమ్మదిగా ఉండగానే, రెండు చక్రాలూ పూర్తిగా మార్జిన్‌లోకి దింపేసి అక్కడ ఆగండి. చక్రాలూ కాలూ ఒకే మట్టంలో ఉండాలి. చక్రాలు తారు మీదా కాలు మట్టిలోనూ, అదే పడేసే పద్ధతి. ఎడమపక్క కాలవ ఒడ్డు జారుడుగా కనిపిస్తే కుడికాలు దింపండి. అప్పుడు వెనక బ్రేకు వదలాలి కాబట్టి బండిని ముందు బ్రేకుతో మెత్తగా పట్టి ఉంచండి, హ్యాండిలు మాత్రం తిన్నగా ఉండాలి. హ్యాండిలు తిరిగి ఉండగా ముందు బ్రేకు గట్టిగా పట్టారంటే బండి ఆ వైపుకు ధబ్బున కూలుతుంది. నడక వేగంలో బళ్ళు పడేది ఎక్కువగా ఇందుకే.

కోతల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. గింజల మీద చక్రం కన్నా ముందు కాలు జారుతుంది. ధాన్యం కుప్పల పక్కన ఆగకండి, దాటాక ఆగండి. రొయ్యల చెరువుల దగ్గర కారిన నీళ్ళు, వానాకాలం పుంత రోడ్డు బురద, వీటికీ అదే మాట. హవాయి చెప్పులతో వీటి మీద కాలు నిలవదు. గాళ్ళు పడ్డ రబ్బరు అడుగు, చీలమండ మూసే బూటు కొనండి. అడుగు మందం మూడు సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు. అంతకు మించితే గేరు మీట కింద పాదం దూరదు.

సైడ్ స్టాండు సంగతి కూడా చెప్పుకోవాలి. మెత్తటి నేలలో అది కూరుకుపోతుంది. మీరు టీ తాగి వచ్చేసరికి బండి పడుకుని ఉంటుంది. అరచేతంత చెక్క ముక్క ఒకటి సీటు కింద పడేసుకోండి, స్టాండు కింద పెట్టడానికి.

బండిని కిందకు దించడం

కొన్నాక కూడా ఒక సెంటీమీటరో రెండో కావాలనిపిస్తే చవకైనవాటి నుంచి మొదలుపెట్టండి.

వెనక షాకబ్జార్బర్ల కింద మెట్లుమెట్లుగా తిరిగే రింగు ఉంటుంది, మామూలుగా ఐదు మెట్లు. రెండు పక్కలా ఒకే మెట్టులో, అన్నిటికన్నా మెత్తన దానికి పెట్టించండి. మీ బరువుకు బండి ఇంకొంచెం కుంగుతుంది. వెనకాల మనిషిని ఎక్కించుకునే రోజున మళ్ళీ బిగించాలి, లేకపోతే స్పీడ్ బ్రేకరు మీద అడుగు కొట్టుకుంటుంది.

తర్వాతది సీటు. భీమవరం, అమలాపురం, రావులపాలెం లాంటి చోట్ల సీటు కవర్లు కుట్టేవాళ్ళు ఫోము కోసి ఇస్తారు. కంపెనీ ఫోము దాచుకుని, ఇంకో ఫోము కొని దాన్నే కోయించండి. ఎత్తులో ఒక అంగుళం, మించితే అంగుళంన్నర. అంతకన్నా ముఖ్యం పక్కలు: ట్యాంకు దగ్గర, తొడలు తగిలే చోట రెండు వైపులా ఏటవాలుగా చెక్కించండి. ఎత్తు తగ్గించకుండా పక్కలు సన్నం చేసినా కాలు సెంటీమీటరు పైన అందుతుంది. మరీ కోస్తే కింద ప్లాస్టిక్ పళ్ళెం తగిలి, పది కిలోమీటర్లకే నొప్పి మొదలవుతుంది. కవరు కింద పాలిథిన్ షీటు వేయమని అడగండి. కుట్టులోంచి వాన దిగితే ఫోము స్పాంజిలా తాగేసి రెండు రోజులు ఆరదు.

చేయకూడనివి: షాకు స్ప్రింగులు కోయించడం, చిన్న టైర్లు వేయించడం, ముందు ఫోర్కు ఒక్కటే కిందకు జార్చడం. బండి రెండు సెంటీమీటర్లు దిగితే సైడ్ స్టాండు అంతమేరా పొడుగైపోతుంది. బండి నిటారుగా నిలబడి, చిన్న గాలికే కుడివైపు పడుతుంది. ఎత్తు తగ్గించాక స్టాండు కోయించి తిరిగి వెల్డింగు పెట్టించడం, ఆ వెల్డింగు ఊడటం, ఇదంతా అనుభవించాల్సిన అవసరం లేదు.

కాళ్ళయ్యాయి, చేతుల వంతు. క్లచ్ మీట చివర 10 నుంచి 20 మిల్లీమీటర్లు వదులు ఉండాలి. చిన్న చేతులవాళ్ళకు 15 దగ్గర పెట్టిస్తే క్లచ్ పట్టుకునే చోటు వేళ్ళకు దగ్గరవుతుంది. అసలు వదులే లేకుండా బిగిస్తే క్లచ్ ప్లేట్లు అరుగుతాయి. హ్యాండిలు బిగించిన నాలుగు బోల్టులూ వదులు చేసి హ్యాండిలును కొంచెం మీవైపుకు తిప్పించుకోవచ్చు. బిగించాక ఎడమకూ కుడికీ పూర్తిగా తిప్పి, కేబుళ్ళు లాగడం లేదనీ హ్యాండిలు ట్యాంకుకు తగలడం లేదనీ చూసుకోండి.

పాత బండి కొంటే

మొదటి బండి ఎలాగూ ఒకటి రెండుసార్లు పడుతుంది కాబట్టి పాతది కొనడం తెలివైన పనే. మన ప్రాంతంలో రెండు తెగుళ్ళు మాత్రం వెతికి చూడాలి: వరద, ఉప్పు గాలి.

వరదలో మునిగిన బండికి పైపైన రంగు మెరుస్తూనే ఉంటుంది. సీటు తీసి ఫ్యూజు డబ్బా మూలల్లో చూడండి, ఎయిర్ ఫిల్టరు డబ్బా అడుగున వేలు పెట్టండి. సన్నటి గోదావరి ఒండ్రు పొడిలా అంటుకుంటే బండి మునిగిందే. హెడ్‌లైటు లోపల నీటి గీత, స్పీడోమీటరు అద్దంలో మంచు పట్టినట్టు మసక, ఇవీ గుర్తులే. ఇంజను ఆయిలు పాలు కలిపిన టీలా ఉంటే ఇక బేరం అక్కర్లేదు.

సముద్రం ఒడ్డు ఊళ్ళల్లోనూ ఉప్పునీటి చెరువుల దగ్గరా తిరిగిన బండికి సైలెన్సరు అడుగు, చక్రాల చువ్వలు, స్టాండు స్ప్రింగు, వెనక చక్రాన్ని పట్టుకునే ఫోర్కు అడుగుభాగం తుప్పు పడతాయి. కింద కూర్చుని చూడండి, ఎవరూ అక్కడ రంగు వేయరు. నంబరు ప్లేటు కొంత చెబుతుంది. ఏపీ 05 అంటే పాత తూర్పు గోదావరి, ఏపీ 37 పాత పశ్చిమ గోదావరి. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే వరసగా ఏపీ 39 వచ్చింది కాబట్టి ఆ తర్వాతి బళ్ళకు ఆర్‌సీలో చిరునామా చూడాలి.

ఇంజను చల్లగా ఉండగా వెళ్ళండి. ముందే వేడి చేసి పెట్టిన బండి మొదటి స్టార్టు ఎంత కష్టమో దాచేస్తుంది. హ్యాండిలు తిన్నగా పెట్టి ఎదురుగా నిలబడి చూస్తే ముందు చక్రం ఒక వైపుకు తిరిగి ఉందంటే ఫోర్కు వంగింది. చాసిస్ నంబరూ ఇంజను నంబరూ ఆర్‌సీతో సరిపోవాలి. పేరు మార్పుకు ఫారం 29, 30 మీద అమ్మినవాళ్ళ సంతకాలు కావాలి. ఫైనాన్సులో కొన్న బండైతే ఫారం 35, అప్పు తీరినట్టు ఎన్‌వోసీ. ఇవి చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి.

కొత్త బండికైతే 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఐదేళ్ళది ఒకేసారి కట్టాలి. ఆన్‌రోడ్ ధరలో హెల్మెట్టూ గార్డులూ చేర్చి చెబుతున్నారేమో విడివిడిగా రాయించుకోండి. లెగ్ గార్డు మాత్రం వేయించుకోండి, బండి పడితే కాలు కింద నలక్కుండా అది కొంత ఎడం ఇస్తుంది. హెల్మెట్టు మీద ఐఎస్ఐ గుర్తు ఉండాలి.

మొదటి పది రోజులు

గేర్ల బండికి 18 ఏళ్ళు నిండాలి. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని, బండికి ముందూ వెనకా ఎర్ర అక్షరంతో ఎల్ బోర్డు పెట్టి మొదలుపెట్టండి. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, ముప్పై రోజులయ్యాక లైసెన్సు పరీక్షకు వెళ్ళొచ్చు.

రైస్ మిల్లు సిమెంటు కళ్ళం ఖాళీగా ఉంటే అంతకు మించిన చోటు లేదు. మొదటి రోజు యాక్సిలరేటరు ముట్టుకోకండి. ఫస్టు గేరు వేసి, క్లచ్ నెమ్మదిగా వదులుతూ, బండి కదలబోయే చోటు ఎడమ చేతి వేళ్ళకు తెలిసేదాకా ముప్పైసార్లు చేయండి. తర్వాత ఆగడం ఒక్కటే సాధన చేయండి: ముందు బ్రేకు వదిలేసి వెనక బ్రేకుతో నెమ్మదిస్తూ, బండి నిలిచే ముందు నడుం ఎడమకు జరిపి, చూపు ముందుకు పెట్టి, ఎడమకాలు దింపడం. కిందికి చూస్తే బండి కిందికే వెళ్తుంది. చున్నీ, చీర చెంగు ముందే నడుముకు బిగించి కట్టాలి.

డెల్టా అంతా చదును కావడంతో మనవాళ్ళు ఎత్తు మీద బండి ఆపి తీయడం నేర్చుకోరు. సిద్ధాంతం వంతెన దగ్గరో చించినాడ వంతెన ఎక్కేచోటో ట్రాఫిక్ ఆగినప్పుడు బండి వెనక్కి జారి గాభరా పడతారు. గట్టెక్కే చిన్న వాలు ఒకటి చూసుకుని సాధన చేయండి. ఎడమకాలు కింద, కుడికాలు వెనక బ్రేకు మీద. బ్రేకు వదలకుండానే క్లచ్ సగం వదలండి. వెనక భాగం కొంచెం కుంగి ఇంజను శబ్దం మందగిస్తుంది, బండి లాగుతోందన్నమాట. అప్పుడు కొంచెం యాక్సిలరేటరిచ్చి బ్రేకు వదలండి. ఎత్తులో వెనక చక్రం వైపు నేల పల్లమై మడమ ఇంకా లేస్తుంది కాబట్టి పొట్టివాళ్ళు ఇక్కడ రెండు కాళ్ళూ దింపకూడదు.

పంటు, అంటే జనాన్నీ బళ్ళనూ గోదావరి దాటించే పడవ, ఎక్కడం అన్నిటికన్నా ఆఖరికి పెట్టుకోండి. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు మీద బళ్ళు ఎక్కిస్తుంటే చూసేవుంటారు. రేవు మట్టి తడిగా ఉంటుంది, ఎక్కే పలక వాలుగా ఉంటుంది, వెనకాల జనం తోస్తుంటారు. అలవాటు లేని రోజుల్లో కూర్చుని ఎక్కించకండి. దిగి బండికి ఎడమపక్కన నిలబడి, ఇంజను నడుస్తుండగానే ఫస్టు గేరులో సగం క్లచ్ మీద, కుడిచేతి రెండు వేళ్ళు ముందు బ్రేకు మీద ఉంచి, బండితో పాటు నడవండి. పలక మీద మధ్యలో ఆగకండి. ఆగిపోతే ముందు బ్రేకు పట్టి క్లచ్ వదిలేయండి, ఇంజను ఆగినా చక్రం గేరులో పట్టి నిలుస్తుంది. పంటు మీదకు చేరాక మూతి దిగే వైపుకు తిప్పి, గేరులోనే ఉంచి, సైడ్ స్టాండు వేసి, అవతలి రేవు వచ్చేదాకా హ్యాండిలు పట్టుకుని పక్కనే నిలబడండి.